నెల్లూరు, ప్రకాశం పెరళ్లకు సెప్టెంబరే ఏరువాక

మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. ఆ వారమంతా టీవీలో, ఫోన్‌లో ఒకటే మాట వినిపిస్తుంది: తొలకరి మొదలైంది, మొక్కలు నాటుకోండి. వరంగల్లుకు, గోదావరి జిల్లాలకు ఆ మాట సరిపోతుంది. అదే వారం నెల్లూరులోనో కందుకూరులోనో పొద్దున పదింటికి దొడ్లోకి వెళ్లి నిలబడితే ముఖానికి కొట్టేది పడమటి గాలి. సెగలాంటి పొడి గాలి. కడియం నర్సరీల నుంచి లారీలో దిగిన లేత మొక్కను ఆ గాలిలో నాటితే రెండు పూటలా నీళ్లు పోసినా ఆకు అంచులు మాడిపోతాయి, చిగురు వాలిపోతుంది, జులై చివరికి పుల్ల మిగులుతుంది. ఇంట్లోవాళ్లు మాత్రం తమ చెయ్యి మంచిది కాదనుకుని మళ్లీ మొక్కల జోలికి పోరు. ఇంత మంది ఇలా తోట మీద ఆశ వదులుకోవడం బాధ కలిగించే విషయం, ఎందుకంటే నిజానికి తప్పింది నెల ఒక్కటే.

నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల మీద తమ తేమలో పెద్ద భాగం దించేసుకుని, రాయలసీమ దాటి, నల్లమల, వెలిగొండలు దాటి ఇటు దిగేసరికి వాటి దగ్గర గాలి మిగులుతుంది గాని వాన పెద్దగా మిగలదు. జూన్, జులైలలో మనకు తగిలే పడమటి గాలి అదే. అక్టోబరు మధ్య దాటాక గాలి దిశ మారుతుంది. బంగాళాఖాతం మీదుగా, ఈశాన్యం నుంచి, నిండు తేమతో వస్తుంది. నెల్లూరు జిల్లాలో ఏడాది వాన వెయ్యి మిల్లీమీటర్లు దాటితే అందులో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. తెలంగాణలో దీనికి పూర్తిగా తలకిందులు: అక్కడ ఏడాది వానలో మూడొంతులకు పైగా జూన్ నుంచి సెప్టెంబరు లోపే అయిపోతుంది. ప్రకాశం ఈ రెండింటికీ మధ్యలో ఉంది. సింగరాయకొండ, కొత్తపట్నం వైపు తీరమంతా నెల్లూరు దారిలోనే నడుస్తుంది. మార్కాపురం, గిద్దలూరు వైపు నల్లమల పాదాల్లో ఆగస్టు, సెప్టెంబరు వానల వాటా పెరుగుతుంది. కాబట్టి ఆ పడమటి వైపు వాళ్లు ఇక్కడ చెప్పే తేదీల కన్నా నెల రోజులు ముందే పని మొదలుపెట్టుకోవచ్చు. మిగతావాళ్లకు మాత్రం తోట సంవత్సరం మొదలయ్యేది పుబ్బ, ఉత్తర కార్తెల్లో, అంటే ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు దాకా.

వాన రాకముందు చేసే పనులు

సెప్టెంబరులో రెండు మూడు సాయంత్రపు జల్లులు పడతాయి. నేల లోపలికంటా తడవదు గాని గడ్డపార దిగేంత మెత్తబడుతుంది. గుంతలు తీయడానికి ఇదే సమయం. పండ్ల మొక్కకు రెండు అడుగుల గుంత, పూల మొక్కకు అడుగున్నర చాలు. తీసిన మట్టిలో మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి గుంత నింపి వారం పది రోజులు వదిలేయాలి. హస్త కార్తె వచ్చేలోపు, అంటే సెప్టెంబరు ఆఖరు వారానికి మొక్క నేలలో ఉండాలి. అక్టోబరు పెద్ద వానలు వచ్చేసరికి మొక్కకు మూడు వారాల వేరు ఉంటే ఆ వానంతా దానికి పాలు తాగినట్టే. ఏ వేరూ లేని మొక్కను నవంబరు వానలో నాటితే అదే వాన దాన్ని కుళ్లబెడుతుంది.

నర్సరీ మొక్క విషయంలో ఒక సంగతి చాలామంది గమనించరు. కడియం నుంచి వచ్చే మొక్కల వేరు చుట్టూ గోదావరి ఒండ్రు మట్టి ముద్దలా ఉంటుంది. దాన్ని అల్లూరు, మైపాడు, కొత్తపట్నం లాంటి ఇసుక నేలలో అలాగే దించితే నీళ్లు చుట్టూ ఉన్న ఇసుకలోంచి జారిపోతాయి. మధ్యలో ఆ మట్టి ముద్ద ఎండి ఇటుకలా బిగుసుకుంటుంది. పైన నేల తడిగా కనిపిస్తుంది, లోపల మొక్క దాహంతో చస్తుంది. నాటే ముందు కవరు చింపి మొక్కను బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ఉంచి, ముద్ద అంచుల్ని వేళ్లతో మెల్లగా విప్పి, అప్పుడు నాటాలి. తెచ్చిన రోజే నాటకుండా చెట్టు నీడలో పది రోజులు ఉంచితే ఇక్కడి ఎండకు కాస్త అలవాటు పడుతుంది.

ఇక తుపాను గురించి. ఈ తీరంలో తోట పెంచేవాళ్లు దీన్ని పక్కన పెట్టి ఏ పనీ అనుకోలేరు. 1984 నవంబరులో అప్పటి నెల్లూరు జిల్లా శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను, 1989 నవంబరులో కావలి దగ్గర దాటిన తుపాను, 2015 నవంబరు వానలు, 2021 నవంబరులో పెన్నా వరద, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటుతూ నెల్లూరును ముంచిన మిచౌంగ్ తుపాను. అన్నీ నవంబరు, డిసెంబరులే. 2010 మేలో లైలా వచ్చి ఒంగోలును తడిపినట్టు అప్పుడప్పుడు వేరే నెలలోనూ జరుగుతుంది, కానీ లెక్క వేసుకోవాల్సింది మాత్రం చివరి మూడు నెలలకే. అందుకే చెట్ల కొమ్మలు తీసే పని సెప్టెంబరు ఆఖరుకు అయిపోవాలి. మునగ కొమ్మ పెళుసు, గాలికి మొదట విరిగేది అదే. ఇక్కడ మునగ పెద్ద కాపు ఎటూ ఫిబ్రవరి నుంచి మే దాకా కాబట్టి సెప్టెంబరులో నిర్భయంగా పొట్టిగా కొట్టేయవచ్చు. కొబ్బరికి ఎండు మట్టలు, ఎండు గెలలు మాత్రం దించాలి. పచ్చ మట్టలు నరికితే చెట్టు బలహీనపడుతుంది గాని గాలికి ఏమంత లాభం ఉండదు. వేప, కానుగ లాంటి చెట్లకు మధ్యలో గాలి దూరేలా కొన్ని కొమ్మలు పలచన చేయాలి. ఇంటి మీదికి, కరెంటు తీగల మీదికి వాలిన కొమ్మల్ని ఇప్పుడే తీయించాలి. తుపాను హెచ్చరిక వచ్చాక మనిషి దొరకడు, దొరికినా చెట్టెక్కించడం ప్రమాదం.

బొప్పాయి, మునగ, మిరప, వంగ నీళ్లు నిలిస్తే ఒకటి రెండు రోజులు కూడా ఓర్చుకోవు. వీటిని అడుగు, అడుగున్నర ఎత్తు మట్టి దిబ్బల మీదే నాటాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో అయితే ఇది తప్పనిసరి, ఎందుకంటే ఆ మట్టి ఒకసారి నీరు తాగితే వారం దాకా వదలదు. కోవూరు, ఇందుకూరుపేట వైపు ఒండ్రు నేలల్లోనూ నీరు ఊరి జాలు పట్టే చోట్లున్నాయి. దొడ్లో ఏ మూల నీరు నిలుస్తుందో సెప్టెంబరులో ఒక గంట నిలబడి చూసి, అక్కడి నుంచి వీధి కాలువ దాకా ఒక బోదె తీసి పెట్టుకుంటే నవంబరులో సగం టెన్షన్ పోతుంది.

వేసవిలో పోసిన ఉప్పు

ఈ రెండు జిల్లాల తోటల గురించి మాట్లాడేటప్పుడు ఎరువుల కన్నా, పురుగుమందుల కన్నా ముందు మాట్లాడాల్సింది నీటిలోని ఉప్పు గురించి. తీరం వెంట బోర్లు ఉప్పెక్కుతున్నాయి. రొయ్యల చెరువులు విస్తరించిన మండలాల్లో ఈ బాధ మరీ ఎక్కువ. బోరు నీటి టీడీఎస్ 2,000 ఉందనుకుందాం. అంటే లీటరు నీటిలో 2 గ్రాముల లవణాలు. తాగునీటికి ప్రమాణాలు ఒప్పుకునే ఆఖరు హద్దు అదే, 500 లోపు ఉంటేనే మంచి నీరు. వంద చదరపు మీటర్ల లాన్‌కు వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు కాబట్టి, రోజుకు 500 లీటర్లు. ఆ నీళ్లతో పాటు రోజూ కిలో ఉప్పు లాన్ మీద పోస్తున్నట్టే. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఉండిపోతుంది. మార్చి నుంచి మే దాకా మూడు నెలలకు 90 కిలోలు! గడ్డి పసుపెక్కితే యూరియా వేస్తారు. అసలు రోగం ఉప్పయినప్పుడు యూరియా దాన్ని ఇంకా పెంచుతుంది.

ఆ ఉప్పును కిందికి కడిగేసేది ఈశాన్య వానలే. అక్టోబరు, నవంబరు వాన దొడ్డిలోంచి పారిపోకుండా నేలలోకి దిగి వేరు దాటి కిందికి పోతే, వేసవి ఉప్పు దానితో పాటే పోతుంది. ఇసుక నేలల్లో ఇది దానంతట అదే జరుగుతుంది. బంకమట్టిలో, చౌడు నేలలో జరగదు. అక్కడ సెప్టెంబరులోనే మట్టి పరీక్ష చేయించి, చెప్పిన మోతాదులో జిప్సం చల్లి, పైమట్టిలో కలిపి పెట్టాలి. జిప్సంలోని కాల్షియం మట్టికి అంటుకున్న సోడియాన్ని తోసేస్తుంది, వాన దాన్ని మోసుకుపోతుంది. వాన అయిపోయాక జనవరిలో జిప్సం వేస్తే దాన్ని దించే నీరే ఉండదు, డబ్బు దండగ. పెరడంతా సిమెంటు చేసేసి చెట్టు మొదట్లో అడుగు చుట్టూ మాత్రమే మట్టి వదిలిన ఇళ్లలో ఈ కడుగుడు అసలు జరగదు. ఆ చెట్లు ఏటేటా క్షీణించడానికి ఇదొక పెద్ద కారణం.

ఇంటి కప్పు వాన కూడా వదులుకోకూడదు. వంద చదరపు మీటర్ల డాబా మీద 600 మిల్లీమీటర్లు పడితే 60,000 లీటర్లు. అందులో ఎంతో కొంత సంపులో నిలబెట్టుకున్నా కుండీ మొక్కలకు మార్చి దాకా మంచినీళ్లు దొరికినట్టే. మిగిలింది ఇంకుడు గుంతలోకి పోతే బోరు నీళ్ల ఉప్పూ కొంత తగ్గుతుంది.

కనిగిరి, పొదిలి, మర్రిపూడి వైపు వాళ్లకు బాధ వేరే రకం, ఫ్లోరైడ్. మనుషుల మీద దాని దెబ్బ అందరికీ తెలిసిందే. కుండీలో పెంచే డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటివి కూడా దానికి తట్టుకోలేవు. ఆకు కొసలు, అంచులు గోధుమ రంగులో మాడతాయి. నీళ్లు తక్కువయ్యాయనుకుని ఇంకా పోస్తారు, ఫ్లోరైడ్ ఇంకా పేరుతుంది. వీటికి వాన నీళ్లే పోయాలి. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లోనూ కొంత ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి ఈ కుండీలకు అది వేయకపోవడమే మంచిది. సున్నం ఎక్కువున్న నేలలో ఫ్లోరైడ్ మొక్కకు అంతగా అందదు, అందుకే నేలలో ఉన్న చెట్లకు ఈ బాధ అంత కనిపించదు.

వానల్లో

అక్టోబరు 20 నుంచి డిసెంబరు మధ్య దాకా తోటలో చేయాల్సిన పని తక్కువ, చూడాల్సింది ఎక్కువ. తడి లాన్ మీద మిషన్ తిప్పకూడదు. మట్టి అణిగిపోతుంది, గడ్డిలో శిలీంధ్ర మచ్చలు ఒక మూల నుంచి ఇంకో మూలకు పాకుతాయి. ఎరువు వేస్తే కొట్టుకుపోతుంది. నారు మళ్లలో మొలకలు మొదలు కుళ్లి వాలిపోతుంటే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి. నత్తలకు రాత్రి తడి గోనె సంచి పరిచి, పొద్దున్నే దాని కింద చేరినవాటిని ఏరేస్తే చాలు.

నిమ్మచెట్టుకు ఇది కష్టకాలం. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్ల పుణ్యమా అని ఈ ప్రాంతంలో నిమ్మ చెట్టు లేని దొడ్డి అరుదు. వాన మొదలవగానే వచ్చే లేత చిగురులో పాముపొడ పురుగు తెల్లటి గీతలు గీస్తుంది. ఆ గాయాల్లోంచి గజ్జి తెగులు లోపలికి పోతుంది. వాన చినుకు, గాలి దాన్ని ఆకు నుంచి ఆకుకు చేరుస్తాయి. అందుకని మందు కొట్టాల్సింది గజ్జి కనిపించాక కాదు, చిగురు వేలెడంత ఉన్నప్పుడే. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె కొద్దిగా సబ్బు నీళ్లతో కలిపి పిచికారీ చేస్తే పురుగు తగ్గుతుంది. గజ్జి పట్టిన ఎండు పుల్లల్ని వానలకు ముందే కత్తిరించి కాల్చేసి, ఒక శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) కొడితే చెట్టు చాలావరకు నిలబడుతుంది. కొత్తగా నాటేవాళ్లు గజ్జిని కొంత తట్టుకునే బాలాజీ రకం అడిగి తెచ్చుకోవడం మేలు.

తుపాను వెళ్లిపోయాక మొదటి మూడు రోజులు కీలకం. నిలిచిన నీటిని బోదెల్లోకి తీసేయాలి. పడిపోయిన చెట్టును కొట్టేయాలని తొందరపడతారు గాని, వేళ్లు ఒకవైపు ఇంకా నేలలో ఉంటే అది బతుకుతుంది. పైకి తేలిన వేళ్లను తడి గోనెతో కప్పి, కొమ్మల్లో మూడో వంతు తగ్గించి, రెండు మూడు రోజుల్లోపే నిలబెట్టి మూడు వైపులా ఊతం కట్టాలి. జామ, సపోటా, చిన్న మామిడి చెట్లు ఇలా తేరుకుంటాయి. నీట మునిగిన మొక్కల వేళ్లు కొన్నాళ్లు ఏమీ తీసుకోలేవు. వాటికి లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ ఆకుల మీద పిచికారీ చేసి, నేల ఆరాక పైమట్టిని గీరి గాలి తగలనివ్వాలి.

బంతి గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ధనుర్మాసం గొబ్బిళ్ల మీద గుమ్మడి పువ్వు, బంతి పువ్వు ఇంటి పాదువే ఉండాలని కోరుకోని ఇల్లాలు ఉండదు. నారు నాటిన రెండు నెలలకు బంతి పూస్తుంది, కాబట్టి సంక్రాంతి లెక్కకు నవంబరు మొదటి వారానికి నాటాలి. సరిగ్గా తుపాన్ల నడుమ! ఎత్తు మడి మీద, రెండు విడతలుగా, పది రోజుల తేడాతో నాటితే ఒక విడత పోయినా ఇంకొకటి మిగులుతుంది. చామంతికి ఆ బెంగ తక్కువ, పగలు చిన్నదయ్యే కొద్దీ దానంతట అదే మొగ్గ తొడుగుతుంది.

సంక్రాంతి నుంచి శివరాత్రి

ఇవి తోటకు హాయి రోజులు. కొత్తిమీర, మెంతికూర, పాలకూర ఏది చల్లినా వస్తుంది. టమాటా, క్యాబేజీ బాగుంటాయి. చిక్కుడు పాదు నిండా కాస్తుంది, రథసప్తమికి రథం కట్టడానికి కాయలు, పరమాన్నం పెట్టడానికి ఆకులు ఇంట్లోవే.

మల్లె కత్తిరింపు ఒక్కటి జాగ్రత్తగా చేయాలి. పుస్తకాల్లో నవంబరు నుంచి నీళ్లు ఆపి మొక్కను వాడ్చమంటారు. నెల్లూరులో నవంబరు వానను ఆపేదెవరు? కాబట్టి ఇక్కడ వాడ్చడం డిసెంబరు రెండో పక్షానికి జరుగుతుంది. జనవరి మధ్యలో నేల నుంచి మోకాలెత్తుకు కొట్టేసి, మిగిలిన ఆకులు దూసేసి, మొదట్లో ఎరువు వేసి నీళ్లు మొదలుపెడితే మార్చి నుంచి పూలు. మామిడికీ ఇదే సూత్రం. పూతకు ముందు చెట్టు కాస్త ఎండాలి. డిసెంబరు వానలు ఎక్కువైన ఏడాది పూతకు బదులు చిగురు వస్తుంది, పూత ఆలస్యమవుతుంది. అది చూసి కంగారుపడి నీళ్లు పోస్తే ఇంకా ఆలస్యం. పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా చెట్టు మొదట్లో నీళ్లు పెట్టకూడదు.

లాన్‌కు ఎరువు వేయాల్సిందీ ఇప్పుడే. వంద చదరపు మీటర్లకు అర కిలో యూరియా ఇసుకలో కలిపి చల్లి వెంటనే తడపాలి. తర్వాత జల్లెడ పట్టిన ఇసుక, వర్మీకంపోస్ట్ కలిపి పలచగా పరిస్తే పల్లాలు సర్దుకుంటాయి.

లాన్ ఎంత ఉండాలి

నెల్లూరులో స్థలాన్ని అంకణాల్లో కొంటారు. ఆ అంకణం విలువ తెలిసినవాళ్లు కూడా లాన్ విషయంలో నీటి విలువ లెక్క వేయరు. పైన చెప్పిన రోజుకు 500 లీటర్లంటే నెలకు 15,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు. ఇంత నీటితో ఒక మామిడి, రెండు నిమ్మ, ఒక సపోటా, ఒక కరివేపాకు, మల్లె పొదల వరుస, కూరగాయల మడి వేసవంతా గడుపుకోవచ్చు. మేలో తాగునీటికి ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ఊళ్లు ఈ జిల్లాల పడమటి వైపు ఉన్నాయి. అక్కడ వంద చదరపు మీటర్ల లాన్ పెంచడం సరైన పని అనిపించుకోదు. పిల్లలు ఆడుకోవడానికి, సాయంత్రం చాప వేసుకుని కూర్చోవడానికి పది పన్నెండు చదరపు మీటర్లు చాలు.

అంత చిన్న లాన్‌కైనా గడ్డి ఎంపిక ముఖ్యం. నర్సరీలో బెర్ముడా పేరుతో అమ్మేది మన గరిక జాతే. వినాయక చవితికి కోసుకొచ్చే గరిక ఎండకు, ఉప్పుకు, తొక్కుడుకు ఎంత ఓర్చుకుంటుందో ఊళ్లో అందరికీ తెలుసు. నీళ్లు ఆగితే గోధుమ రంగుకు తిరిగి, వాన పడిన వారానికి మళ్లీ పచ్చబడుతుంది. కొరియన్ కార్పెట్ గడ్డి చూడటానికి మెత్తగా బాగుంటుంది గాని మెల్లగా పెరుగుతుంది, గుబ్బలు గుబ్బలుగా లేస్తుంది, పక్కన తుంగ మొలిస్తే దాన్ని నొక్కలేదు. నీడలో ఈ రెండూ రావు. అక్కడ వెడల్పాటి ఆకు బఫెలో గడ్డి కొంత వస్తుంది, మామిడి చెట్టు కింద అదీ రాదు. ఆకులు రాలనిచ్చి అలాగే వదిలేస్తే చెట్టుకు మేలు.

నాటడానికి ఆగస్టు చివర, సెప్టెంబరు మంచివి. కత్తిరించేటప్పుడు ఒక్కసారికి మూడో వంతుకు మించి తీయకూడదు. వానాకాలం, చలికాలంలో అంగుళం ఎత్తు ఉంచినా ఫర్వాలేదు, మార్చి నుంచి రెండు అంగుళాలకు పెంచాలి. పొడుగు గడ్డి తన వేరుకు తనే నీడ.

తుంగను పైపైన పీకితే ఫలితం లేదు, కింద గడ్డ ఉండిపోయి రెండు పిలకలు వేస్తుంది. మార్చి ఆఖరులోనో ఏప్రిల్‌లోనో నేల పొడిగా ఉన్నప్పుడు జానెడు లోతు తవ్వి గడ్డలతో సహా పైకి తీసి ఎండలో వదిలేస్తే అవి ఎండి చస్తాయి. ఆ ఎండకు తట్టుకోలేకపోవడమే తుంగకున్న బలహీనత, ఆ ఎండ మనకు ఉచితంగా దొరుకుతోంది. రెండు ఏళ్లు వరసగా చేస్తే మడి శుభ్రపడుతుంది.

కర్తరి ఎండల్లో

మే 4 ప్రాంతంలో డొల్లు కర్తరి, మే 11 ప్రాంతంలో నిజ కర్తరి, నెలాఖరు దాకా అదే. కర్తరిలో చెట్టు నరకకూడదు, నేల తవ్వకూడదని పెద్దలు చెబుతారు. దీన్ని మూఢనమ్మకంగా కొట్టేసేవాళ్లు ఒకసారి దొడ్లో చూడాలి. ఆ ఎండలో కొమ్మ తీస్తే అప్పటిదాకా నీడలో ఉన్న బెరడు మాడి పగుళ్లిస్తుంది. నేల తిరగేస్తే అడుగున మిగిలిన కొద్ది తేమా ఆవిరైపోతుంది. కొమ్మలు కత్తిరించే సికేచర్, గడ్డపార రెండూ పక్కన పెట్టి, చేతనైతే నేలను కప్పాలి. వేరుశనగ పొట్టు, కొబ్బరి పీచు, ఎండుటాకులు, వరిగడ్డి ఏదైనా మూడు అంగుళాల మందాన, మొదలుకు తగలకుండా నాలుగు వేళ్లు దూరం వదిలి. ఉదయగిరి, పామూరు వైపు ఎర్రనేలల్లో వరిగడ్డికి చెద పడుతుంది, అక్కడ కింద వేపపిండి చల్లుకోవాలి. నీళ్లు తెల్లవారుజామున పోయాలి, రోజూ పైపైన చిలకరించడం కన్నా మూడు రోజులకోసారి లోతుగా తడపడం మేలు. ఇసుక నేలలో మాత్రం లోతు తడుపు నిలవదు, రోజు విడిచి రోజు తప్పదు. చెట్టు పాదులో ఒక పాత మట్టికుండ మెడ దాకా పూడ్చి నింపి మూత పెడితే నీరు మెల్లగా ఊరుతూ ఉంటుంది.

ఇసుక దొడ్లకు ఈ నెలలో ఒక వరం ఉంది, ఎండిన చెరువు మట్టి. మేలో చెరువులు బయటపడగానే ట్రాక్టర్ల మీద పొలాలకు తోలతారు. ఒక ట్రక్కు మాట్లాడుకుని దొడ్లో ఒక మూల పోయించుకుంటే, సెప్టెంబరు గుంతల్లో కలపడానికి ఉంటుంది. ఇసుకకు నీరు పట్టి ఉంచే గుణం అది ఇచ్చినట్టు మరేదీ ఇవ్వదు.

మందారకు పిండినల్లి పడితే మందుల కన్నా ముందు పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి కడిగేయాలి. నూరు వరహాల ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్య పసుపెక్కితే అది ఇనుము లోపం, సున్నపు నేలలో, ఉప్పు నీటిలో మామూలే. లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట వారానికొకసారి చొప్పున రెండు మూడు సార్లు కొడితే రంగు తిరుగుతుంది.

రోహిణి పోయి మృగశిర వచ్చాక నర్సరీల ముందు జనం చేరతారు. అప్పుడు కొనాలనిపిస్తే కొనవచ్చు, కాని నేలలో పెట్టకుండా పడమటి గాలి తగలని గోడ పక్కన, కుండీలోనే ఉంచి కాపాడుకోవాలి. ఆ గాలికి అడ్డంగా పడమర వైపు సరుగుడో గన్నేరో వరుసగా పెంచుకున్న ఇళ్లలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. జులైలో బీర, కాకర విత్తులు నీటి వసతి ఉంటే పెట్టుకోవచ్చు. ఆగస్టు మొదటి వారంలో చిక్కుడు గింజలు పాదుకు మూడు చొప్పున వేసి, పందిరికి గుంజలు పాతి, చెరువు మట్టి కుప్ప మీద గోనెపట్టా తీసి చూసుకునేసరికి మళ్లీ పుబ్బ దగ్గరికి వచ్చేస్తుంది.